మాప్ సాస్‌లో నూనె తేలిపోకుండా: ఆవముద్దా, కోడిగుడ్డా, జిగురా, వట్టి గరిటేనా?

మన వంటలో నూనె పైకి తేలడం తప్పు కాదు, అదొక గుర్తు. చేపల పులుసు అంచుల వెంట ఎర్రటి నూనె తేలిందంటే పొయ్యి కట్టేయవచ్చు. మూడో రోజు తిరగకలిపిన ఆవకాయలో నూనె ముక్కల పైకి రాలేదంటే ఇంకాస్త పోయాలి. ఈ అలవాటు వల్లనే కాబోలు, టెక్సస్‌కు వచ్చి పెరట్లో బార్బెక్యూ మొదలుపెట్టిన నాకు, కాలే మాంసం మీద అద్దే మాప్ సాస్ గిన్నెలో వేలెడు మందాన నూనె తేలి కనిపించినా అందులో లోపం ఉందని చాలాకాలం తట్టలేదు. ఒక వేసవి సాయంత్రం ఆ పైనున్న నూనెలోనే మాప్ ముంచి కోడి తొడల మీద అద్దగానే, కారిన నూనెకు నిప్పులు భగ్గుమని లేచి తొడలు ఒకవైపు నల్లబడిపోయాయి. గిన్నె అడుగున ఉప్పూ పులుపూ చుక్క కూడా వాడకుండా అలాగే మిగిలాయి. ఆ తర్వాతే నూనెనూ నీటినీ కలిపి ఉంచే మార్గాలను ఒక్కొక్కటిగా పోల్చి చూడటం మొదలుపెట్టాను.

మాంసం సెగ మీద ఉన్నంతసేపూ పైన అద్దుతూ ఉండే పలుచని పుల్లటి ద్రవాన్ని మాప్ సాస్ అంటారు. వడ్డించేటప్పుడు పోసుకునే చిక్కటి తియ్యటి సాస్‌కూ దీనికీ సంబంధం లేదు. పెద్ద గుంటల మీద ఒకేసారి వందల మందికి మాంసం కాల్చే చోట కుంచెలు ఏ మూలకూ చాలవు కనుక, నూలు పోగుల మాప్‌ను బకెట్‌లో ముంచి అద్దేవారు. ఆ పనిముట్టు పేరే సాస్‌కూ వచ్చింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తన రాంచ్‌లో ఇచ్చిన విందులకు బార్బెక్యూ వండిన ఫోర్ట్‌వర్త్ వాసి వాల్టర్ జెటన్ చేసిన మాప్‌లో ఎముకలు మరిగించిన స్టాక్, వూస్టర్‌షైర్ సాస్, వినెగర్, నూనె, వాటితోపాటు ఆవపొడి ఉంటాయి. ఆ ఆవపొడి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఎంపికల్లో మొదటిది అసలు నూనె వేయకపోవడం. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఉత్తర కరోలినా తూర్పు ప్రాంతంలో పందిని నిండుగా కాల్చేవారు వాడేది వినెగర్, మిరప, ఉప్పు మాత్రమే. అందులో నూనె ఉండదు, ఎందుకంటే కరగవలసిన కొవ్వంతా ఆ మాంసంలోనే ఉంది. పంది భుజం, కొవ్వు పట్టిన గొర్రె మాంసం, కొవ్వు పొర తీయని బ్రిస్కెట్ (గొడ్డు రొమ్ము భాగపు మాంసం) వండుతున్నవారికి నా సలహా కూడా అదే. నూనె అవసరమయ్యేది కోడి రొమ్ము, చర్మం తీసేసిన కోడి ముక్కలు, బ్రిస్కెట్‌లో కొవ్వు తక్కువగా ఉండే పలక భాగం, మనవాళ్లు ఇష్టపడే మేక తొడ వంటి పొడి మాంసాలకే. వాటి మీద వట్టి వినెగర్ నీళ్లు అద్దితే అవి ఆరిపోయి, పైభాగం తోలులా బిగుస్తుంది. ఇకమీద చెప్పేదంతా నూనె తప్పనిసరైన సందర్భాల గురించే.

వంటనూనె సాంద్రత సుమారు 0.92, ఉప్పు కలిపిన వినెగర్ నీళ్లది 1 కంటే కాస్త ఎక్కువ. కాబట్టి వదిలేస్తే నూనె పైకి రాక తప్పదు. పైకి వచ్చేటప్పుడు అది ఒంటరిగా రాదు, మిరప రంగునూ కారాన్నీ వెంట తెస్తుంది, ఎందుకంటే అవి నూనెలోనే కరుగుతాయి. ఉప్పు, పులుపు, తీపి నీటిలో ఉండిపోతాయి. విడిపోయిన మాప్‌తో మొదటి గంటలో మాంసానికి నూనె, కారం మాత్రమే పడతాయి, చివరి గంటలో ఉప్పూ పులుపూ మాత్రమే పడతాయి. నిప్పులు మాంసానికి నేరుగా కింద ఉంటే మంటలు లేచే బెడద దీనికి తోడవుతుంది. నిప్పులు పక్క గదిలో ఉండి పొగ మాత్రమే మాంసానికి తగిలే ఆఫ్‌సెట్ స్మోకర్‌లో ఆ బెడద దాదాపు లేదు.

ఇక్కడే నా అభిప్రాయం చెప్పేస్తాను. మాప్ సాస్ మయోనైజ్ కాదు. అది నెలల తరబడి విడిపోకుండా ఉండనక్కరలేదు. ఒకసారి ముంచడానికీ మళ్లీ ముంచడానికీ మధ్య ఉండే పది నిమిషాలో అరగంటో కలిసి ఉండి, విడిపోయినా రెండు తిప్పులకు మళ్లీ కలిస్తే చాలు. అంతకుమించిన నిలకడ కోసం పోతే సాస్ చిక్కబడుతుంది. చిక్కబడిన మాప్ మాంసం మీద జారదు, పూతలా నిలిచిపోతుంది. పొగకూ మాంసానికీ మధ్య అడ్డుపడి, బ్రిస్కెట్ మీద కట్టవలసిన నల్లటి కరకర పెచ్చును మెత్తబరుస్తుంది. అందుచేత ఏది ఎక్కువసేపు పట్టి ఉంచుతుందన్నది సరైన ప్రశ్న కాదు. పలుచదనం చెడకుండా కావలసినంతసేపు ఏది పట్టి ఉంచుతుందన్నదే చూడాలి.

పట్టి ఉంచడం రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, నూనె బిందువుల చుట్టూ పొరలా చేరి అవి ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా చూసే పదార్థం వేయడం; గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్ చేసేది ఇదే. రెండోది, నీటిని కొద్దిగా చిక్కబరచి బిందువులు పైకి పాకే వేగాన్ని తగ్గించడం. మజ్జిగ పులుసు విరగకుండా సెనగపిండి కలిపే ప్రతి ఇంట్లోనూ ఈ రెండో సూత్రానికి దగ్గరి చుట్టం ఉన్నట్టే. వీటికి తోడు బిందువు పరిమాణం ఉంది. బిందువు వ్యాసం సగానికి తగ్గితే అది పైకి లేచే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఎంత బలంగా చిలికామన్నది ఏం వేశామన్నదానితో సమానంగా లెక్కలోకి వస్తుంది.

పోలిక కోసం నేను ఒక్కటే కొలత పెట్టుకున్నాను: స్టాక్ 500 మిల్లీలీటర్లు, యాపిల్ సైడర్ వినెగర్ 250, నూనె 125, ఉప్పు, మిరియాలు, కాస్త మిరపపొడి. దీన్ని గాజు సీసాల్లో పోసి, ఒకదానిలో ఏమీ కలపకుండా, ఒకదానిలో ఎల్లో మస్టర్డ్ అనే ఆవముద్ద, ఇంకొకదానిలో జాంథన్ గమ్ అనే జిగురు వేసి, మూతలు బిగించి అర నిమిషం పాటు ఊపి, వంటగది గట్టు మీద వరుసగా పెట్టాను. ఏమీ కలపని సీసాలో చేయి తీసిన వెంటనే నారింజ రంగు బొట్లు పైకి పరుగెత్తాయి. రెండు నిమిషాలు తిరగకుండానే పైన స్పష్టమైన నూనె పట్టీ, కింద టీ రంగు నీళ్లు. మస్టర్డ్ సీసా మొత్తం గంధం రంగులో మబ్బుగా నిలిచింది; చాలాసేపటికి పైభాగం కాస్త లేతరంగుకు మారి మీగడలా కనిపించినా, విడిగా నూనె గీత మాత్రం పడలేదు, సీసాను ఒకసారి తలకిందులు చేయగానే మళ్లీ ఒక్కటైంది. జాంథన్ సీసా మర్నాటి ఉదయానికి కూడా పెద్దగా మారలేదు. అయితే గరిటెతో ఎత్తి పోస్తే అది నీళ్లలా జారకుండా, పలుచని గంజిలా సాగుతూ పడింది.

ఏమీ వేయకుండా కేవలం కలుపుతూ వాడటాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. మీది ఆఫ్‌సెట్ స్మోకర్ అయి, గిన్నె మీ పక్కనే ఉండి, ప్రతిసారీ అడుగు నుంచి పైకి తిప్పి వెంటనే ముంచే ఓపిక ఉంటే ఇంకేమీ కొననక్కరలేదు. ఎముకలు బాగా మరిగించి, ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టే స్టాక్ వాడితే అందులోని జెలటిన్ కూడా ఎంతో కొంత సాయం చేస్తుంది. ఈ పద్ధతి తలకిందులయ్యేది మాప్ పని పిల్లలకో, బీరు చేతపట్టుకున్న బావగారికో అప్పగించినప్పుడు. అడుగు నుంచి తిప్పమని ఎన్నిసార్లు చెప్పినా వాళ్లు పైపైనే ముంచుతారు.

నేను ఎక్కువగా ఎంచుకునేది ఎల్లో మస్టర్డ్. పైన చెప్పిన కొలతకు రెండు టేబుల్ స్పూన్లు సరిపోతుంది. అది పసుపు ఆవాలను వినెగర్, పసుపుపొడితో కలిపి నూరిన ముద్ద. ఆ ఆవాల పైపొట్టులో నీటిని పట్టుకునే జిగురు పదార్థం ఉంటుంది. నలిగిన గింజల సన్నని రేణువులు కూడా నూనె బిందువుల అంచున చేరి అడ్డుగోడలా నిలుస్తాయి. అంటే పట్టి ఉంచే రెండు పద్ధతులూ దీనిలో కొంత కొంత ఉన్నాయి. పైగా రుచి వినెగర్‌తో కలిసిపోతుంది, చక్కెర దాదాపు ఉండదు కనుక మాడదు, సన్నని సెగ మీద పెట్టినా గుడ్డులా గడ్డకట్టదు. గిన్నె తెర్లి విడిపోయినా కాస్త చల్లార్చి గిలక్కొడితే దారికి వస్తుంది. దిజోన్ రకం కూడా పనిచేస్తుంది గాని ఖరీదు ఎక్కువ, ఘాటు ఎక్కువ; మాప్‌లో ఆ తేడా నాలుకకు తెలియదు.

మరి మన ఆవపిండి సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. పనిచేస్తుంది, కానీ రెండు మెలికలు ఉన్నాయి. మనం వాడే ఆవాల్లో ఘాటు ఎక్కువ, పసుపు ఆవాలతో పోలిస్తే జిగురు తక్కువ. ఆవపిండిని ముందు నీళ్లతో తడిపితే పది నిమిషాల్లో ఘాటు ముక్కుకెక్కుతుంది. ముందే వినెగర్‌తో తడిపితే ఆ ఘాటు అంతగా పుట్టదు. మాప్‌కు రెండోదే మంచిది. అన్ని మానికెల ఆవపిండి ఉన్న ఆవకాయలో నూనె ఎందుకు తేలుతుందన్న సందేహం నాకూ వచ్చింది. అక్కడ నూనె పాలు చాలా ఎక్కువ, నీరు చాలా తక్కువ, పైగా ముక్కలు నలగకుండా నెమ్మదిగా కలుపుతామే గాని ఎవరూ చిలకరు. ఆ నూనె పైనుండి గాలిని ఆపాలి కనుక అది తేలడమే మనకు కావాలి కూడా.

గుడ్డుకు ఒక గట్టి వంశవృక్షం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ బేకర్ 1950లో వెలువరించిన బార్బెక్యూ చికెన్ విధానంలో ఒక గుడ్డు, ఒక కప్పు నూనె, రెండు కప్పుల సైడర్ వినెగర్, ఉప్పు, మిరియాలు, పౌల్ట్రీ సీజనింగ్ ఉంటాయి. ముందు గుడ్డును గిలక్కొట్టి, నూనె పోసి మళ్లీ గిలక్కొట్టి, ఆ తర్వాతే మిగతావి కలుపుతారు. ఆ గుడ్డు రుచి కోసం పెట్టింది కాదు; నేరుగా నిప్పుల మీద కాలే కోడి సగాలకు నూనె విడిగా కాక వినెగర్‌తో కలిసి అంటుకోవడానికి పెట్టింది. పట్టు విషయంలో గుడ్డు మస్టర్డ్ కంటే మెరుగు, చర్మం మీద రంగు కూడా బాగా వస్తుంది.

కానీ దాని నియమాలు కఠినం. 150 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేసరికి పచ్చసొన గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి ఆ గిన్నెను గ్రిల్ అంచున వెచ్చగా ఉంచే అలవాటు ఇక్కడ కుదరదు. నేను ఒకసారి ఉంచి, పది నిమిషాల్లో చైనీస్ ఎగ్ డ్రాప్ సూప్ తయారుచేశాను. వెచ్చగా కాక మామూలుగా బయట ఉంచుదామంటే పచ్చిగుడ్డు, పచ్చి కోడికి తగిలిన మాప్ రెండూ ఒకే గిన్నెలో ఉన్నాయి. 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఆహారాన్ని రెండు గంటలకు మించి, బయట 90 దాటిన ఎండలో అయితే గంటకు మించి ఉంచవద్దన్నది అమెరికా వ్యవసాయ శాఖ సూచన. టెక్సస్ జూలైలో మనకు దక్కేది ఆ ఒక్క గంటే. కాబట్టి గుడ్డు మాప్ గిన్నెను మంచు ముక్కల తొట్టిలో ఉంచాలి, కోడి లోపల 165 డిగ్రీలకు చేరడానికి కొన్ని నిమిషాల ముందే అద్దడం ఆపాలి. వినెగర్ ఉంది కదా అన్న ధైర్యంతో పచ్చిగుడ్డును నమ్మకూడదు. గంట లోపు కాలిపోయే కోడికి ఇదంతా సాధ్యమే. పన్నెండు గంటల బ్రిస్కెట్‌కు గుడ్డు ఆలోచనే వద్దు.

గుడ్డు పట్టు కావాలి, పచ్చిగుడ్డు బెంగ వద్దనుకునేవారికి దొడ్డిదారి ఒకటి ఉంది: దుకాణంలో కొన్న మయోనైజ్ రెండు చెంచాలు. అమెరికాలో సీసాల్లో అమ్మే మయోనైజ్‌ను పాశ్చరైజ్ చేసిన గుడ్లతో చేస్తారు. అలబామాలోని డెకేటర్‌లో బాబ్ గిబ్సన్ 1920లలో మొదలుపెట్టిన తెల్ల సాస్ మయోనైజ్, వినెగర్, మిరియాల మిశ్రమమే. అంత వినెగర్ పోసినా అది విడిపోదంటే మయోనైజ్ పట్టు ఎంతటిదో అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఇదే ప్రయత్నించేవారు ఒక విషయం గమనించాలి. పచ్చిగుడ్లతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివరలో ఒక ఏడాదిపాటు నిషేధించింది. దానికి కారణం అది తిన్నవారు జబ్బుపడటమే. అక్కడి దుకాణాల్లో దొరికే గుడ్డులేని మయోనైజ్ కూడా మాప్‌లో చక్కగా కలుస్తుంది, ఎందుకంటే వాటిలో చాలావాటిని పట్టి ఉంచేది పిండిపదార్థాలూ జిగురులూ కలిపిన మిశ్రమం. అయితే తీపి ఎక్కువ ఉన్న రకాలు నిప్పుల మీద త్వరగా నల్లబడతాయి.

జాంథన్ గమ్ పేరు వినగానే కొందరు రసాయనం అంటూ వెనక్కి తగ్గుతారు. అది ఒక రకం బాక్టీరియా చక్కెరను పులియబెట్టగా వచ్చే జిగురు. అమెరికాలో ఆహారంలో దాని వాడకానికి 1969లోనే అనుమతి లభించింది. ఉప్పుకూ పులుపుకూ వేడికీ లొంగదు కనుక మాప్ దానికి పుట్టినిల్లు వంటిది. చిక్కు అంతా మోతాదులో ఉంది. పైన చెప్పిన 875 మిల్లీలీటర్లకు ఒక గ్రాము లోపు, అంటే చదునుగా తీసిన టీ స్పూనులో మూడో వంతు చాలు. అంతకు మించితే ముక్కు చీదినట్టు సాగుతుంది. ఈ పోలికకు క్షమించాలి, దీనికంటే సరైనది దొరకలేదు. నేరుగా నీళ్లలో చల్లితే ఉండకట్టి, ఎంత తిప్పినా కరగని కప్పగుడ్ల వంటి ముద్దలు మిగులుతాయి. ముందు నూనెలో కలిపి, ఆ నూనెను నీళ్లలో పోస్తే ఉండలు కట్టదు. జాంథన్ కలిసిన ద్రవం కదిలిస్తే పలుచబడి, ఆపితే తిరిగి బిగుస్తుంది కాబట్టి చిలకరించే సీసాలో కూడా మోతాదు మించనంతవరకు బయటికి వస్తుంది. మసాలాను వడకట్టి స్ప్రే సీసాలో పోసుకునేవారికి, ముందురోజే పెద్ద మొత్తంలో కలిపి పెట్టుకునేవారికి నేను సిఫారసు చేసేది ఇదే. మిగతావారికి మస్టర్డ్ ఉండగా దీని అవసరం రాదు.

ఇదే కోవలో మన మన్యంలో గిరిజనులు సేకరించే తపసి బంక కూడా ఉంది. పులుపు తట్టుకునే జిగురుగా సలాడ్ డ్రెస్సింగుల్లో వాడే పదార్థమది. ఇంటి వంటకు దాని శుద్ధి, నానబెట్టే ఓపిక కలిసిరావు.

లెసిథిన్ పొడి కొని వాడి చూశాను, రెండోసారి వాడలేదు. బిందువులు కలిసిపోకుండా ఆపుతుంది గాని నీటిని చిక్కబరచదు కనుక నూనె మీగడలా పైకి వస్తూనే ఉంటుంది. కెచప్, టమాటా పేస్ట్ పట్టి ఉంచుతాయి. కెచప్‌లోని చక్కెర మాడుతుంది కాబట్టి దాన్ని చివరి అరగంటకే ఉంచాలి. నూనెకు బదులు వెన్న వేసేవారికి అసలు సమస్య విడిపోవడం కాదు, చల్లారితే గడ్డకట్టి మాప్ పోగులకు అంటుకోవడం. వెన్న మాప్‌ను సన్నని సెగ మీద ఉంచి, మస్టర్డ్‌తోనే కలపాలి.

ఏది ఎంచుకున్నా కలిపే క్రమం మారదు. స్టాక్ మొత్తం ఒకేసారి పోసి అందులో నూనె చిలకడానికి ప్రయత్నిస్తే బిందువులు పెద్దవిగానే మిగులుతాయి, ఎందుకంటే పలుచని నీళ్లలో కవ్వానికి ఒరిపిడి దొరకదు. సెనగపిండిని ముందు కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత పలుచబరచినట్టే ఇక్కడా చేయాలి: ఆవముద్ద, ఉప్పు, మసాలా, నాలుగు చెంచాల వినెగర్ కలిపి, నూనెను సన్నని ధారగా పోస్తూ చిలికితే లేత పసుపు క్రీములా చిక్కబడుతుంది, ఆ తర్వాతే మిగిలిన వినెగర్, స్టాక్ కొద్దికొద్దిగా పోయాలి. చేతి బ్లెండర్ ఉంటే ఒక నిమిషం పని. లేకపోతే మూత గట్టిగా ఉన్న సీసాలో ఊపవచ్చు. మా ఇంట్లో పప్పుగుత్తి ఈ పనికి తీగల విస్క్ కంటే ఏమాత్రం తీసిపోలేదు. మజ్జిగలో వెన్నను విడదీసేదీ కవ్వమే కదా, ఇక్కడ అదెలా కలుపుతుందని మా అమ్మ ఫోన్లో అడిగింది. మీగడలో కొవ్వు గుళికల పొరలు చిలుకుడుకు చిరిగి కొవ్వంతా ఒకచోట చేరుతుంది. ఇక్కడ పొర కట్టే పదార్థాన్ని మనమే ఇస్తున్నాం కనుక చిలికినకొద్దీ బిందువులు చిన్నవై పొర కప్పుకుంటాయి.

గిన్నెలను రెండుగా పెట్టుకోవడం కూడా ఎంపికలో భాగమే. కలిపినదంతా ఒకే గిన్నెలో ఉంచి ముంచితే పచ్చి మాంసం రసం మొత్తానికీ అంటుతుంది. పెద్ద సీసాను పక్కన ఉంచి, అవసరమైనంత చిన్న గిన్నెలోకి వంపుకుంటూ వాడితే, ప్రతి వంపుకు ముందు సీసాను ఊపడం కూడా దానంతటదే జరిగిపోతుంది. చిన్న గిన్నెలో మిగిలినదాన్ని పారబోయాలి. సీసాలో మిగిలిన మస్టర్డ్ మాప్‌ను ఫ్రిజ్‌లో పెట్టి, స్టాక్ ఉంది కాబట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. చల్లదనానికి పైన మీగడ కట్టి గట్టిపడినట్టు కనిపిస్తే, బయట పావుగంట ఉంచి ఊపితే మళ్లీ గంధం రంగుకు వస్తుంది.